‘నేను’ లేదనే బౌద్ధం, ‘నువ్వెవరు’ అని అడిగే థెరపీ

మానసిక చికిత్స నేర్చుకుంటున్నవాళ్లకి ఈ రోజుల్లో రెండు వైపుల నుంచి రెండు మాటలు వినబడుతున్నాయి. మొదటిది వాళ్ల వృత్తి నుంచే వస్తుంది: నీ కులం, మతం, భాష, యాస, ప్రాంతం, ఆడో మగో కావడం, చదివిన బడి, ఇవన్నీ నీతోపాటే కౌన్సెలింగ్ గదిలోకి వస్తాయి, వాటి సంగతి తెలియకుండా ఎదుటి మనిషిని సరిగా వినలేవు. రెండోది బౌద్ధం నుంచి, ఎక్కువగా మైండ్‌ఫుల్‌నెస్ (క్షణక్షణం ఎరుకతో గమనించే ధ్యానం) కోర్సుల మీదుగా వస్తోంది: ‘నేను’ అని పట్టుకుని కూర్చునేది ఏదీ స్థిరమైనది కాదు, ఆ పట్టు సడలితేనే దుఃఖం తగ్గుతుంది. ఒకటి అస్తిత్వాన్ని దగ్గరగా చూడమంటుంటే ఇంకొకటి దాన్ని వదిలేయమంటున్నట్టు ఉంటుంది. రెండిటినీ మనస్ఫూర్తిగా నమ్మిన థెరపిస్టు ముందు, కులం పేరుతో అవమానపడ్డ ఒక కుర్రాడు వచ్చి కూర్చుంటే ఏం మాట్లాడాలి?

‘అవన్నీ సమాజం తగిలించిన లేబుల్సే, మీరు అవి కాదు’ అనే జవాబు చాలా సులువుగా నోటికొస్తుంది. వినడానికి లోతుగా కూడా ఉంటుంది. కానీ హాస్టల్లో ఇంటిపేరు అడిగి, మర్నాటికల్లా వేరే గదికి మారిపోయిన రూమ్మేట్ గురించి చెప్తున్న మనిషికి ఆ మాట ఇంకో అవమానంలాగే తగులుతుంది. లేబుల్ తగిలించింది తను కాదు కదా, తనని వదిలేయమంటే ఎలా?

ఈ చిక్కు విడదీయడానికి బౌద్ధ గ్రంథాల్లోనే దారి ఉంది. అక్కడ అనాత్మని, అంటే స్థిరమైన ‘నేను’ ఏదీ లేదన్న బోధని, ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పారో గమనిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. థెరపీ గదిలో ఆ బోధ ముందుగా వర్తించాల్సింది థెరపిస్టుకి. క్లయింటు చేత తన అస్తిత్వాన్ని వదిలించడానికి దాన్ని వాడకూడదు.

ముందు ఈ రెండు మాటలూ ఎక్కణ్నుంచి వచ్చాయో కాస్త చూద్దాం. అమెరికాలో 1992లో డెరాల్డ్ వింగ్ సూ, పట్రీషియా అరెడాండో, రొడరిక్ మెక్‌డేవిస్ కలిసి, వేర్వేరు సంస్కృతుల మనుషులతో పనిచేసే కౌన్సెలర్లకు ఏ సామర్థ్యాలుండాలో రాశారు. అందులో మొట్టమొదట పెట్టింది కౌన్సెలర్ తన సొంత విలువల్నీ పక్షపాతాల్నీ ఎరగడం. క్లయింటు లోకాన్ని అర్థం చేసుకోవడం ఆ తర్వాత. 1998లో మెలనీ టెర్వలాన్, జాన్ మర్రే-గార్సియా అనే ఇద్దరు డాక్టర్లు ఇంకో అడుగు ముందుకేశారు. ఫలానా సంస్కృతి గురించి కోర్సు చేసి సర్టిఫికెట్ తీసుకుంటే పూర్తయ్యే పని కాదిది, జీవితాంతం తనని తాను పరీక్షించుకుంటూ ఉండాల్సిన వినయం ఇది అన్నారు. మానసిక వ్యాధుల నిర్ధారణకి ప్రపంచమంతా తిరగేసే అమెరికన్ గ్రంథం డీఎస్ఎమ్ 2013లో ఐదో కూర్పు వచ్చినప్పుడు, రోగి నేపథ్యం గురించి అడగడానికి 16 ప్రశ్నల ఇంటర్వ్యూ ఒకటి అందులో చేరింది.

బౌద్ధం వైపు నుంచి చూస్తే, 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో ఒత్తిడి తగ్గించే ధ్యాన కార్యక్రమం మొదలుపెట్టాడు. మన దగ్గర ఆ దశాబ్దంలోనే బర్మా నుంచి వచ్చిన ఎస్.ఎన్. గోయెంకా విపశ్యన ధ్యాన కోర్సులు నడిపాడు. హైదరాబాద్‌లో, నాగార్జునసాగర్ దగ్గర ఇప్పుడు పది రోజుల శిబిరాలు జరుగుతున్నది ఆ పరంపరలోనే. మన సైకాలజిస్టుల్లో చాలామందికి బౌద్ధంతో పరిచయం ఈ దారుల్లోనే అయింది. శ్వాస, శరీరం, అనుభూతి బాగా తెలిశాయి. కులం గురించి, పుట్టుక గర్వం గురించి బుద్ధుడు ఏం చేశాడన్నది ఆ పరిచయంలో పెద్దగా రాలేదు. చిక్కులో సగం ఇక్కడే ఉంది.

అనాత్మ చెప్పేది, చెప్పనిది

సారనాథ్‌లో ఐదుగురు భిక్షువులకు చేసిన రెండో ఉపదేశంలో బుద్ధుడు మనిషిని ఐదు స్కంధాలుగా విడదీసి చూపిస్తాడు. రూపం అంటే శరీరం. వేదన అంటే సుఖంగానో దుఃఖంగానో రెండూ కాకుండానో తగిలే అనుభూతి. సంజ్ఞ అంటే చూసినదాన్ని ‘ఫలానా’ అని గుర్తుపట్టడం. సంస్కారాలు లోపల పేరుకున్న అలవాట్లు, ఉద్దేశాలు. విజ్ఞానం ఎరుక. ఒక్కొక్కదాని గురించీ ఆయన ఒకే మాట చెప్తాడు: ఇది నాది కాదు, ఇది నేను కాదు, ఇది నా ఆత్మ కాదు.

‘నువ్వు లేవు’ అని మాత్రం ఆయన అనలేదు. వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడు వచ్చి ‘ఆత్మ ఉందా?’ అని అడిగితే బుద్ధుడు మౌనంగా ఉండిపోయాడు. ‘అయితే లేదా?’ అంటే మళ్లీ మౌనమే. అతను లేచి వెళ్లిపోయాక శిష్యుడు ఆనందుడు, ఎందుకు జవాబివ్వలేదని అడిగాడు. లేదని చెప్పి ఉంటే, అసలే అయోమయంలో ఉన్న వచ్ఛగోత్తుడు ‘ఇంతకుముందు నాకో ఆత్మ ఉండేది, ఇప్పుడది కూడా పోయింది’ అని ఇంకా అయోమయపడేవాడని ఆయన వివరణ. థెరపిస్టులు ఈ చిన్న సంఘటన దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది నాకు. సిద్ధాంతం ఎంత సరైనదైనా, ఎదురుగా ఉన్న మనిషి దాన్ని ఏ స్థితిలో వింటున్నాడో చూసి, చెప్పకుండా ఆపుకున్నాడు బుద్ధుడు.

మరి కులం, భాష, ప్రాంతం ఈ ఐదిట్లో ఎక్కడున్నాయి? ఏ ఒక్కదాన్లోనూ లేవు, అన్నిట్లోనూ ఉన్నాయి. యాస నాలుక మీద ఉంది కాబట్టి అది శరీరం. పెద్దింటివాళ్ల గుమ్మం ముందు చెప్పులు విడిచేటప్పుడు కలిగే బెరుకు అనుభూతి. ఇంటిపేరు వినగానే మనిషిని ఒక గడిలో పెట్టేయడం సంజ్ఞ. ఎవరి ముందు ఎలా కూర్చోవాలో ఒంటికి పట్టిన అలవాటు సంస్కారం. ఇవన్నీ కారణాల వల్ల పుట్టినవి, కారణాలు మారితే మారేవి. బౌద్ధం ఎక్కువగా చెప్పేది ఈ కారణాల గురించే. కారణాల వల్ల పుట్టినది అంటే ఉత్తుత్తిది అని అర్థం కాదు. మలేరియా కూడా కారణాల వల్లే వస్తుంది. జ్వరం జ్వరమే.

ఈ విషయాన్ని అందరికంటే పదునుగా చెప్పినవాడు బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడు. సంప్రదాయం ఆయన్ని శాతవాహన రాజు స్నేహితుడిగా, శ్రీపర్వతంతో సంబంధం ఉన్నవాడిగా చెప్తుంది. సాగర్ నీళ్ల మధ్య మిగిలిన కొండకి ఆయన పేరే ఉంది. ఆయన రెండు సత్యాలు చెప్పాడు: మనుషులు రోజూ బతికే వ్యవహార సత్యం, లోతుగా చూస్తే తెలిసే పరమార్థ సత్యం. మొదటిదాన్ని ఆధారం చేసుకోకుండా రెండోదాన్ని బోధించడం కుదరదన్నది ఆయన కారికల్లో (శ్లోకాల్లో) ఖచ్చితంగా ఉంది. ఇంకో కారికలో మరీ కటువుగా అంటాడు: శూన్యత (దేనికీ తనంతట తాను నిలిచే స్వభావం లేదన్న బోధ) అన్ని అభిప్రాయాల పట్టు నుంచీ విడుదల కోసం చెప్పింది, ఆ శూన్యతనే ఒక అభిప్రాయంగా పట్టుకున్నవాళ్లు నయం చేయడానికి వీల్లేనివాళ్లు.

కౌన్సెలింగ్ గదికి వస్తే, క్లయింటు అనుభవించిన వివక్ష వ్యవహార సత్యం. అద్దెకి ఇల్లు దొరకకపోవడం, పెళ్లి సంబంధం ఆగిపోవడం, ఆఫీసులో వెనకాల నవ్వుకోవడం ఆ సత్యంలోనే జరుగుతాయి. దాన్ని వినకుండా, ఒప్పుకోకుండా పరమార్థానికి ఎగరడం నాగార్జునుడి లెక్కలో కూడా తప్పే.

ముందు ఎవరు వంగారు?

భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలో ఒక ఘట్టం ఉంది. శాక్య కుమారులు ఆరుగురు, అనురుద్ధుడు, ఆనందుడు, దేవదత్తుడు వగైరా, సంఘంలో చేరడానికి బయల్దేరారు. వాళ్లతో ఉపాలి అనే మంగలి ఉన్నాడు. ఇన్నాళ్లూ వాళ్లకి సేవ చేసినవాడు. బుద్ధుడి దగ్గరికి వచ్చాక ఆ కుమారులే ఒక కోరిక కోరారు: మేం శాక్యులం, మాకు గర్వం ఎక్కువ, ముందు ఉపాలికి ప్రవ్రజ్య (సన్యాస దీక్ష) ఇవ్వండి, అప్పుడు మేం ఆయనకి నమస్కరించాల్సి వస్తుంది, ఆయన రాగానే లేచి నిలబడాల్సి వస్తుంది, మా శాక్య గర్వం అణుగుతుంది. బుద్ధుడు అలాగే ముందు ఉపాలిని చేర్చుకున్నాడు. బుద్ధుడు పోయాక రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో, అంటే భిక్షువుల మహాసభలో, వినయాన్ని (సంఘ నియమావళిని) వినిపించింది ఈ ఉపాలే.

ఇక్కడ ఉపాలితో ఎవరూ ‘నువ్వు మంగలివి కాదు, అది భ్రమ’ అనలేదు. గర్వం ఎవరి దగ్గరుందో వాళ్లని వంగమన్నారు. వాళ్లు కూడా ఆ గర్వాన్ని మనసులోనే తీసేసుకుంటామని ఊరుకోలేదు, ఒంటితో చేసే పని పెట్టుకున్నారు. నదులు సముద్రంలో కలిశాక గంగ, యమున అన్న పేర్లు పోయినట్టు నాలుగు వర్ణాలవాళ్లూ సంఘంలోకి వచ్చి పాత పేర్లు, గోత్రాలు వదిలేస్తారని బుద్ధుడు అన్న మాట చాలామందికి తెలుసు. ఉపాలి కథ పక్కన పెట్టుకుని చదివితే, ఆ పేర్లు వదిలే పని ఎటు నుంచి మొదలవ్వాలో కూడా తెలుస్తుంది.

అస్సలాయనుడనే బ్రాహ్మణ యువకుడు వచ్చి పుట్టుకతో బ్రాహ్మణులే శ్రేష్ఠులని వాదించినప్పుడు బుద్ధుడు ఎదురు ప్రశ్న వేశాడు. యోన, కాంబోజ దేశాల్లో యజమాని, దాసుడు అని రెండే వర్గాలున్నాయట, అక్కడ యజమాని దాసుడు కావచ్చు, దాసుడు యజమాని కావచ్చు, విన్నావా? పుట్టుకతో శాశ్వతంగా వచ్చిందనుకునేది నిజానికి ఒక్కో చోట ఒక్కోలా మనుషులు చేసుకున్న ఏర్పాటని దీని సారం. తనది ‘మామూలు’ సంస్కృతి, ఎదుటివాళ్లకే ‘సంస్కృతి’ ఉంటుంది అనుకునే థెరపిస్టుకి పనికొచ్చే ప్రశ్న ఇది.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేద్కర్ లక్షల మందితో కలిసి బౌద్ధం తీసుకున్నప్పుడు 22 ప్రతిజ్ఞలు చేయించాడు. అందులో కొత్త జన్మ ఎత్తుతున్నానన్న నమ్మకం కూడా ఒకటి. ఆత్మే లేదన్న ధర్మంలోకి వెళ్తూ కొత్త అస్తిత్వాన్ని చాటుకోవడం పొసగదు కదా అని కొందరికి అనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. పుట్టుకతో అంటగట్టిన పేరు శాశ్వతం కాదని తెలిస్తేనే కదా మనిషి దాన్ని విడిచి, తను ఎంచుకున్న పేరుతో నిలబడగలిగేది. తెలుగు రాష్ట్రాల్లో అంబేద్కర్ని, బుద్ధుణ్ని పక్కపక్కన గోడకి పెట్టుకున్న ఇంటి నుంచి వచ్చిన క్లయింటుకి ‘నేను బౌద్ధుణ్ని’ అన్న మాట వెన్నెముక లాంటిది. దాన్ని కూడా ‘పట్టు’ కింద లెక్కేసి సడలించబోతే ఆ మనిషి నిలబడ్డ నేలని లాగేసినట్టవుతుంది. మనస్తత్వవేత్త జాక్ ఎంగ్లర్ 1980లలో చెప్పిన ఒక మాట ఈ చర్చల్లో తరచూ వస్తుంది: ఎవరూ కాకుండా పోవాలంటే ముందు ఎవరో ఒకరు అయి ఉండాలి. బౌద్ధ సాధకుల్లో అందరూ దీన్ని ఒప్పుకోరు. అయినా, సమాజం ‘ఎవరో ఒకరు’గా ఉండనివ్వని మనుషుల విషయంలో ఈ హెచ్చరిక గుర్తుంచుకోవాల్సిందే.

నాలుగు సెకన్లలో జరిగేది

ఇప్పుడు థెరపిస్టు మనసులోకి వెళ్దాం. బౌద్ధ ఉపదేశాల సంకలనాల్లో ఒకటైన మజ్ఝిమ నికాయంలో మధుపిండిక సుత్తం (ఉపదేశం) అని ఒకటుంది. అందులో బుద్ధుడి శిష్యుడు మహాకచ్చాయనుడు ఒక వరస చెప్తాడు. కంటికో చెవికో ఏదో తగులుతుంది. దాంతో అనుభూతి కలుగుతుంది. అనుభూతి చెందినదాన్ని గుర్తుపడతాం. గుర్తుపట్టినదాని గురించి ఆలోచిస్తాం. ఆలోచించినదాన్ని పెంచి పెద్ద చేస్తాం, దీన్నే పపంచం (సంస్కృతంలో ప్రపంచం, కానీ ఇక్కడ లోకమని అర్థం కాదు) అంటాడు. అక్కడికొచ్చాక మనిషి ఆలోచించడం ఆగి, ఆ అల్లిక తిరిగి వచ్చి మనిషినే చుట్టుకుంటుంది.

ఒక సెషన్ ఊహించుకుందాం. హైదరాబాద్‌లో ఒక క్లినిక్. థెరపిస్టు కోస్తాలో భూములున్న కుటుంబం నుంచి వచ్చి, చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివింది. మంచి మనిషి, పనిలో శ్రద్ధ ఉన్నది. క్లయింటు 24 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చాడు. ‘ఆఫీసుల మస్తు గాబరైతది మేడం. మా టీంల అందరు కలిసి తింటరు. నేను నా డబ్బ తీస్కపోయి కింద పార్కింగ్‌ల తింట’ అంటాడు.

థెరపిస్టు చెవికి ముందు తగిలింది యాస. చాలా సన్నగా, పేరు పెట్టలేనంత సన్నగా ఒక అనుభూతి: కొంచెం జాలి, కొంచెం ‘నేను సాయం చేయగలను’ అన్న తృప్తి. వెంటనే గుర్తింపు: పల్లె నుంచి వచ్చినవాడు, బహుశా ఇంట్లో చదువుకున్న మొదటివాడు. దాని మీద ఆలోచన: కాన్ఫిడెన్స్ తక్కువ, నలుగురిలో కలవలేకపోతున్నాడు. ఆ తర్వాత అల్లిక: సోషల్ యాంగ్జైటీ, నెమ్మదిగా టీంతో కూర్చుని తినడం అలవాటు చేయించాలి, కమ్యూనికేషన్ స్కిల్స్ మీద పనిచేయాలి. నాలుగు సెకన్లు కూడా పట్టలేదు. ఫైల్లో ఆరు సెషన్ల ప్లాన్ తయారైపోయింది.

డబ్బాలో ఏముందని ఆమె అడగలేదు. టీంలో ఎవరైనా ఆ డబ్బా చూసి ఏమన్నా అన్నారా, ముక్కు మూసుకున్నారా, ఇంటిపేరు అడిగారా అని కూడా అడగలేదు. అతను పార్కింగ్‌లో తినడానికి కారణం భయం కావచ్చు. అవమానం కావచ్చు. తన తిండిని ఇంకోసారి ఎవరి నోటా పడనివ్వనన్న ఆత్మగౌరవం కూడా కావచ్చు. మొదటిదానికి వేసిన ప్లాన్ మిగతా రెండిటికీ హాని చేస్తుంది. అవమానించినవాళ్ల మధ్యకే వెళ్లి కూర్చోమని డబ్బులు తీసుకుని చెప్పినట్టవుతుంది.

ఇందులో థెరపిస్టు దుర్మార్గం ఏమీ లేదు. బౌద్ధ విశ్లేషణలో నాకు నచ్చేది ఈ మెత్తదనమే. పక్షపాతాన్ని చెడ్డ మనుషుల లక్షణంగా కాక, ప్రతి మనసులో క్షణక్షణం జరిగే వరసగా చూపిస్తుంది. సిగ్గుతో కుంచించుకుపోయిన థెరపిస్టు తనని తాను చూసుకోలేదు, సమర్థించుకోవడంలో మునిగిపోతుంది. వరసగా చూస్తే ఎక్కడో ఒకచోట పట్టుకోవచ్చు. ఎక్కువమందికి పట్టుకోవడానికి వీలైన చోటు అనుభూతి దగ్గరే. ఆ సన్నని జాలి కలిగినప్పుడే ‘ఇదిగో, జాలి వచ్చింది’ అని తెలిస్తే, డబ్బాలో ఏముందన్న ప్రశ్నకి చోటు మిగులుతుంది.

మూడు రకాల మానం

బౌద్ధంలో ‘మానం’ అంటే గర్వం ఒక్కటే కాదు. సోణుడనే గృహస్థుడికి చెప్పిన ఉపదేశంలో బుద్ధుడు మూడు రకాలు చెప్తాడు: నేను ఎక్కువ, నేను సమానం, నేను తక్కువ. మూడూ ఎదుటివాళ్లతో కొలుచుకోవడమే. మూడిట్లోనూ మధ్యలో ‘నేను’ కూర్చుని ఉంటుంది.

‘ఎక్కువ’ గురించి పైన చూశాం, శిక్షణలో కూడా ఎక్కువగా చర్చించేది దాని గురించే. నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ‘సమానం’. తెలుగువాళ్లకి దీనికి సొంత మాట ఉంది: ‘మనవాళ్లే.’ ఒకే కులం, ఒకే జిల్లా, లేదా అమెరికాలో కూర్చున్న ఇద్దరు తెలుగువాళ్లు. క్లయింటు ‘మా నాన్నగారి సంగతి మీకు తెలియందేముంది’ అనగానే థెరపిస్టు తల ఊపుతుంది. నిజంగా తెలుసా? తెలిసింది తన నాన్న గురించి. ఆ తల ఊపడంతో క్లయింటు చెప్పబోయే వాక్యం ఆగిపోతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు థెరపిస్టు దొరికిందని సంబరపడి వచ్చిన పాతికేళ్ల అమ్మాయి, తన పెళ్లి విషయం ‘మనవాళ్లకి’ చెప్తే ఊళ్లో తెలిసిపోతుందేమో అన్న భయం కూడా తీసుకొస్తుంది. ‘సమానం’ అన్న మానం ఆ భయాన్ని చూడనివ్వదు. పైగా థెరపిస్టు సొంత కులం తప్పుల్ని క్లయింటుతో కలిసి చూడకుండా దాటేసే వీలు కూడా ఇక్కడే ఎక్కువ.

‘తక్కువ’ గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. దళిత కుటుంబం నుంచి వచ్చిన ఒక థెరపిస్టు ఎదురుగా, ఆమె నేపథ్యం తెలియని క్లయింటు రిజర్వేషన్ల మీద విసుక్కుంటున్నాడనుకుందాం. ఆమె గొంతు ఎండిపోతుంది, మాట్లాడాల్సిన చోట మాట రాదు. దీన్ని ‘మానం’ అని ఆమె నెత్తిన వేస్తే అది క్రూరం. ఆ దెబ్బ ఆమె మనసు కల్పించుకున్నది కాదు, తరాలుగా తగులుతున్నదే మళ్లీ తగిలింది. బౌద్ధ దృష్టి ఇక్కడ చేయగలిగిన సాయం ఒక్కటే. దెబ్బ నిజం. ఆ క్షణంలో ‘నేను ఈ కుర్చీకి తగనేమో’ అని లేచిన ఆలోచన మాత్రం దెబ్బ వల్ల పుట్టి పోయేది, ఆమె గురించిన తీర్పు కాదు. ఈ రెండిటినీ విడదీయడానికి ఆమెకి ఒంటరి ధ్యానం చాలదు. ఈ సంగతి అర్థమయ్యే సూపర్‌వైజర్, అంటే థెరపిస్టు పనిని కలిసి కూర్చుని సమీక్షించే సీనియర్, కావాలి. అలాంటి సూపర్‌వైజర్లు మన దగ్గర ఎంతమంది ఉన్నారన్నది శిక్షణ సంస్థలు తమని తాము అడగాల్సిన ప్రశ్న.

ఉతికినా పోని వాసన

ఎంత సాధన చేస్తే ఇదంతా పోతుంది? దీనికి ఇంకో ఉపదేశ సంకలనం సంయుత్త నికాయంలో ఉన్న ఖేమకుడి కథ కంటే నిజాయితీ ఉన్న జవాబు నేను చూడలేదు.

కోసంబిలో ఖేమకుడనే భిక్షువు జబ్బుతో మంచాన పడ్డాడు. ఘోషితారామం అనే విహారంలో ఉన్న పెద్ద భిక్షువులు దాసకుడనే భిక్షువుని పంపి పరామర్శించారు, తర్వాత అదే మనిషి చేత ప్రశ్నలు పంపారు. ఐదు స్కంధాల్లో దేన్నయినా నీ ఆత్మగా చూస్తున్నావా? లేదన్నాడు ఖేమకుడు. అయితే నువ్వు అర్హతుడివే (పూర్తి విముక్తి పొందినవాడివే) కదా! కాదన్నాడు. దేన్నీ ‘ఇది నేను’ అని చూడటం లేదు, అయినా ‘నేను ఉన్నాను’ అన్నది ఇంకా పోలేదన్నాడు. దాసకుడు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. చివరికి ఖేమకుడే కర్ర ఊతంగా లేచి, ఆ రోగపు ఒంటితో వాళ్ల దగ్గరికి నడిచివెళ్లాడు. అక్కడ చెప్పాడు: మాసిన బట్టని చాకలికి ఇస్తారు. అతను చవుడు, క్షారం, పేడ వేసి బాగా రుద్ది, మంచినీళ్లలో జాడిస్తాడు. బట్ట శుభ్రమవుతుంది. కానీ ఉతకడానికి వాడిన ఆ చవుడు వాసనే ఇంకా బట్టలో మిగిలి ఉంటుంది. నాలో ‘నేను’ అలా మిగిలింది.

మురికి మాత్రమే మిగులుతుందనుకుంటాం. ఖేమకుడు చెప్పింది, శుభ్రం చేసిన సాధనం తాలూకు వాసన కూడా మిగులుతుందని. కులం గురించి చదివి, వర్క్‌షాపులు చేసి, పది రోజుల శిబిరాల్లో కూర్చుని వచ్చిన థెరపిస్టుకి సరిగ్గా జరిగేది ఇదే. ‘నాకు కులపట్టింపు లేదు’ అన్నది కొత్త ‘నేను’ అవుతుంది. దాన్ని క్లయింటు ప్రశ్నిస్తే, పాత కులాన్ని ప్రశ్నించినప్పటికంటే ఎక్కువ నొప్పి వేస్తుంది. టెర్వలాన్, మర్రే-గార్సియా జీవితాంతం అన్నది కూడా ఇందుకే అని నేను అనుకుంటున్నాను, వాళ్ల దారి బౌద్ధం కాకపోయినా. బౌద్ధ లెక్కలో మానం చిట్టచివర, అర్హతుడయ్యాకే పోయే బంధం. మనలాంటివాళ్లకి అది పోయిందని చెప్పుకునే అవకాశమే లేదు. ఇందులో నిరాశపడాల్సింది కూడా ఏమీ లేదు. ఖేమకుడు తన లోపలి సంగతి దాచకుండా పెద్దల ముందు చెప్తుండగానే, విన్న అరవైమందికీ ఖేమకుడికీ విముక్తి కలిగిందని సుత్తం ముగుస్తుంది. అంటే పని జరిగింది ఏకాంతంలో కాదు, తోటివాళ్ల ముందు, ప్రశ్నలకి జవాబు చెప్తూ. సూపర్‌విజన్ అంటే ఇదే కదా.

పనిలో పెట్టడం ఎలాగంటే, ఎరుకతో గమనించే ధ్యానం గురించిన సతిపట్ఠాన సుత్తంలో ప్రతి భాగం చివరా వచ్చే ఒక మాట ఉంది: లోపల గమనించు, బయట గమనించు, లోపలా బయటా గమనించు. ధ్యాన శిబిరాల్లో మొదటిదాని మీదే ఎక్కువ దృష్టి ఉంటుంది. థెరపిస్టుకి మూడూ కావాలి. తన భుజాలు బిగుసుకోవడం, క్లయింటు గొంతు తగ్గడం, ఆ రెండూ ఒకే క్షణంలో ఏ మాట దగ్గర జరిగాయో చూడటం. సెషన్ అయ్యాక నోట్స్‌లో క్లయింటు గురించి రాసే దానికి విడిగా రెండు వాక్యాలు తన గురించి రాసుకోవచ్చు: ఎక్కడ నాకు జాలి, చిరాకు, దగ్గరితనం వచ్చాయి? ఈ మనిషి దగ్గర నేను ఎవరినయ్యాను? పెద్దింటి అమ్మాయినా, టీచర్నా, అక్కనా, ఇంగ్లీష్ వచ్చినదాన్నా? ప్రతి గదిలో ‘నేను’ కొత్తగా తయారవుతుందన్న బౌద్ధ విషయం ఇక్కడ సిద్ధాంతంగా మిగిలిపోకుండా పనికొచ్చే ప్రశ్న అవుతుంది.

కొన్ని జాగ్రత్తలు. నొప్పిని ఆధ్యాత్మికతతో దాటేయడాన్ని జాన్ వెల్‌వుడ్ 1980లలోనే గుర్తించి దానికో పేరు పెట్టాడు. థెరపిస్టే ఆ దారి చూపిస్తే క్లయింటు బయటికి రావడం ఇంకా కష్టం. హింసకి గురైనవాళ్లకి కళ్లు మూసుకుని శ్వాస చూడమనడం కొన్నిసార్లు పాత భయాన్ని తిరగదోడుతుంది. ముస్లిం, క్రైస్తవ క్లయింట్లకి బౌద్ధ ధ్యానాన్ని ‘సైన్స్’ అని చెప్పి అడగకుండా పెట్టకూడదు. బౌద్ధమైతే అస్తిత్వ గర్వం ఉండదనీ అనుకోకూడదు. మయన్మార్‌లో రోహింగ్యాల మీద, శ్రీలంకలో మైనారిటీల మీద ద్వేషం రెచ్చగొట్టినవాళ్లలో కాషాయం కట్టిన భిక్షువులున్నారు. అనాత్మ రోజూ పారాయణ చేసేవాళ్లలో కూడా ‘మా జాతి, మా ధర్మం’ అంత బలంగా పెరగగలిగింది.

ఇక మన దగ్గర తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న. రెండో సెషన్లోనో మూడో సెషన్లోనో క్లయింటు అడుగుతాడు: ‘మేడం, మీరేమిట్లు?’ లేదా ఇంకాస్త మర్యాదగా, ‘మీ ఇంటిపేరేంటండీ?’ ‘నేను కులం నమ్మను’ అన్న జవాబు నిజమే కావచ్చు, కానీ నమ్మకపోవడం అందరికీ దొరికే సౌకర్యం కాదు. ‘ఆ ప్రశ్న ఇక్కడ అనవసరం’ అంటే తలుపు మూసుకున్నట్టే. అడిగిన మనిషి చాలాసార్లు కొలుస్తున్నది ఈ గదిలో తను ఎంతవరకు చెప్పుకోవచ్చన్నదాన్ని. కాబట్టి దాచకుండా చెప్పడమే మేలని నా అభిప్రాయం: ‘మాది ఫలానా. దాని వల్ల మీ విషయంలో కొన్ని నాకు వెంటనే అర్థం కాకపోవచ్చు. అలా అనిపించినప్పుడు నాకు చెప్పండి. మీరు ఇది అడగడానికి కారణమేదైనా ఉంటే వినాలని ఉంది.’ చెప్పడం తన భద్రతకి ముప్పు అనుకునే థెరపిస్టుకి చెప్పకుండా ఉండే హక్కు ఉంది, ముఖ్యంగా కులం తెలియగానే క్లయింట్లు మాయమవడం చూసినవాళ్లకి. వాళ్లు ఆ ప్రశ్న వెనకున్న ఆందోళన గురించి మాత్రం మాట్లాడవచ్చు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం కులం, మతం, సంస్కృతి, వర్గం, లింగం వగైరా దేని ఆధారంగానూ వివక్ష లేకుండా వైద్యం అందాలి. తలుపు దగ్గర వివక్షని చట్టం ఆపగలదు. తల ఊపడంలో, జాలిలో, అడగని ప్రశ్నలో ఉన్నదాన్ని పట్టుకోవాల్సింది థెరపిస్టే. ‘నా కులంవాళ్ల దగ్గరికే వెళ్తాను’ అని గాయపడ్డ క్లయింటు కోరితే, ఆ కోరికని జబ్బు లక్షణంగా రాయకుండా, తెలిసిన మంచి థెరపిస్టు నంబరిచ్చి, మొదటి అపాయింట్‌మెంట్ కుదిరిందో లేదో ఒకసారి కనుక్కోవాలి. అలా పంపించేటప్పుడు లోపల చురుక్కుమంటే, ఆ వారం సూపర్‌విజన్‌లో ముందుగా దాని గురించే మాట్లాడాలి.